బెరడు, కోసిన చెక్క చూసి చెట్టును గుర్తించడం ఎలా?

ఆకు, పువ్వు, కాయ చేతిలో ఉంటే చెట్టు పేరు చెప్పడం పెద్ద పని కాదు. చిక్కంతా ఎండాకాలంలో ఆకు రాల్చిన మాను ముందు నిలబడినప్పుడు, లేదా టింబర్ డిపోలో దుంగల మధ్య "ఇది అసలు టేకేనా?" అనే అనుమానం వచ్చినప్పుడు మొదలవుతుంది. పొలం కొన్నవారు, పాత ఇల్లు విప్పినవారు, గుమ్మానికి కలప చూస్తున్నవారు ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. మన రెండు రాష్ట్రాల్లో తరచుగా ఎదురయ్యే చెట్లను తీసుకుని, పని జరగవలసిన వరుసలో ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క గుర్తుతో ఏ చెట్టునూ తేల్చకండి. బెరడు, చేవ (కాండం లోపలి ముదురు చెక్క), రంధ్రాల (చెట్టులో నీరు పారే సన్నని గొట్టాల కోసిన నోళ్లు) అమరిక, వాసన, బరువు అనే ఐదింటిలో కనీసం మూడు ఒకే పేరును చూపాలి. రంగును మాత్రం అన్నిటికన్నా చివర చూడండి. ఎందుకో 5వ భాగంలో తెలుస్తుంది.

## 1. ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

- పది రెట్లు పెద్దదిగా చూపే చేతి లెన్సు. పుస్తకాల దుకాణంలో దొరికే పెద్ద భూతద్దం రెండు మూడు రెట్లకు మించి చూపదు. అది ఈ పనికి చాలదు.
- కొత్త బ్లేడు బిగించిన పేపర్ కటర్. బ్లేడులు నాలుగైదు అదనంగా ఉంచుకోండి. మొద్దుబారిన బ్లేడు ఈ పని మొత్తాన్ని పాడు చేస్తుంది.
- చిన్న నీళ్ల సీసా, గుడ్డ ముక్క.
- మూత ఉన్న పారదర్శకమైన గాజు సీసాలు రెండు.
- కొలబద్ద, పెన్సిలు, అంటించే కాగితపు చీటీలు.
- చేతి తొడుగులు, కళ్లద్దాలు.

చివరి రెండింటినీ తేలిగ్గా తీసుకోకండి. నల్లజీడి బెరడు నుంచి వచ్చే రసం తగిలితే చర్మం పొక్కుతుంది. కోరంగి మడ అడవుల్లో ఉండే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పేరు తెలియని చెట్టు బెరడును చేత్తో రుద్దడం, చెక్కను నమిలి రుచి చూడడం రెండూ మానుకోవాలి.

ఇంకొక మాట. రిజర్వు అడవిలో చెట్టుకు గాటు పెట్టడం నేరం. మీ సొంత చెట్టు, పడిపోయిన కొమ్మ, కొని తెచ్చిన చెక్క, వీటి మీదే సాధన చేయండి.

## 2. బెరడును చదివే వరుస

మానుకు నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి, ఛాతీ ఎత్తులో ఉన్న భాగాన్ని చూడండి. మాను అడుగున బెరడు పగుళ్లు పట్టి, మట్టి పట్టి ఉంటుంది. పైకొమ్మల్లో ఇంకా లేతగా ఉంటుంది. రెండూ మోసం చేస్తాయి. తర్వాత చెట్టు చుట్టూ తిరగండి. ఎండ పడని వైపు పాచి, బూజు పేరుకుని అసలు రంగును కప్పేస్తాయి.

చూడవలసింది ఈ వరుసలో:

1. నున్నగా ఉందా, పగిలి ఉందా?
2. పగిలి ఉంటే పగుళ్లు నిలువుగా మాత్రమే ఉన్నాయా, అడ్డంగా కూడా కలిసి గళ్లుగా ఏర్పడ్డాయా?
3. ఊడి వస్తోందా? వస్తే పీలికలుగానా, రేకులుగానా, పెద్ద పలకలుగానా?
4. ముళ్లు, బుడిపెలు, జిగురు కారిన చారలు ఉన్నాయా?

ఈ నాలుగు ప్రశ్నలతోనే చాలా చెట్లు విడిపోతాయి.

నున్నని లేత రంగు బెరడు. తెల్లమద్ది (ఏరుమద్ది) వాగుల ఒడ్డున కనిపిస్తుంది. లేత బూడిద రంగు బెరడు పెద్ద పలుచని పలకలుగా రాలుతుంది. చిరుమాను బెరడు కూడా తెల్లగా, నున్నగానే ఉంటుంది గానీ, పెచ్చులు ఊడిన చోట లోతులేని గుంటలు మిగులుతాయి. అది వాగు ఒడ్డు కోసం చూడదు, ఎండు కొండవాలుల్లోనూ పెరుగుతుంది. రాతిగుట్టల మీద కాగితంలా పలుచగా ఊడే తెల్లని బెరడుతో నిలబడి ఉంటే అది తపసి కావచ్చు. బంక కోసం పెట్టిన పాత గాట్లు కూడా దాని మీద తరచుగా కనిపిస్తాయి. తెల్లతుమ్మ ఇదే గుంపులోకి వస్తుంది, కానీ ముళ్లు దాన్ని పట్టిస్తాయి. పొడవాటి పీలికలుగా ఊడుతూ, కింద నున్నని లేత కాండం బయటపడుతుంటే జామాయిల్.

గళ్లుగా పగిలిన నల్లని బెరడు. నల్లమద్ది బెరడు మొసలి వీపులా ఉంటుంది. పగుళ్లు లోతుగా, నిలువుకూ అడ్డానికీ ఉంటాయి. కొన్ని నల్లమద్ది మానులు కాండంలో నీరు నిల్వ చేసుకుంటాయి. 2024లో పాపికొండల జాతీయ పార్కులో అటవీ సిబ్బంది అలాంటి ఒక చెట్టు ఉబ్బుకు గాటు పెడితే నీరు చిమ్మిన దృశ్యం చాలామంది చూసే ఉంటారు. అయితే ప్రతి మానులోనూ నీరు ఉండదు కాబట్టి దాన్ని గుర్తుగా పెట్టుకోకండి. తునికి, ఎర్రచందనం బెరళ్లు కూడా గళ్లుగానే పగులుతాయి. వాటిలో గళ్లు చిన్నవి, దీర్ఘచతురస్రాకారంలో ఉంటాయి. ఈ మూడింటినీ బెరడుతోనే విడదీయగలనని అనుకోకండి. తర్వాతి మెట్టు తప్పనిసరి.

నిలువు పగుళ్లు. నల్లతుమ్మలో పగుళ్లు లోతుగా, నల్లగా ఉంటాయి. టేకులో లోతు తక్కువ. బెరడు పలుచగా, బూడిద కలిసిన గోధుమ రంగులో, నారలా సన్నని పీలికలుగా వస్తుంది. వేప ముదిరాక ముదురు బూడిద రంగులో నిలువుగా, కొంత ఏటవాలుగా పగులుతుంది. లేత వేప మాత్రం నున్నగా ఉండి తికమక పెడుతుంది.

ముళ్ల బుడిపెలు. లేత వయసు బూరుగు కాండం మీద శంకువుల్లా ముళ్లు ఉంటాయి. ముసలి మానులో ఇవి రాలిపోవచ్చు. అందుకే కొమ్మలను కూడా చూడండి.

## 3. గాటు పరీక్ష

మీ సొంత చెట్టు మీద బొటనవేలి గోరంత వెడల్పున, బెరడు లోపలి పొర కనిపించేంత వరకే గాటు పెట్టండి. రెండు నిమిషాలు ఆగండి. వెంటనే కనిపించే రంగు ఒకటి, గాలి తగిలాక వచ్చే రంగు మరొకటి కావచ్చు. రెండూ రాసుకోండి.

- ఎర్రని రసం ఊరితే: ఏగిస, మోదుగ, ఎర్రచందనం. చాలామంది ఎర్రరసం చూడగానే ఎర్రచందనం అనేస్తారు. మోదుగ చెక్క మెత్తగా, మాసిన తెలుపు రంగులో ఉంటుంది. కాబట్టి అది సులభంగా తొలగిపోతుంది.
- తెల్లని పాలు వస్తే: మర్రి, రావి, జువ్వి, పనస, ఇప్ప, అంకుడు. ఎండిన దుంగలో పాలు రావు. పాలు రాలేదని వీటిని కొట్టేయకండి.
- తేనె రంగు జిగురు గడ్డకట్టి ఉంటే: తుమ్మ జాతులు, వేప. వేప లోపలి బెరడు ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది.

గాటు పెట్టిన చోట మట్టి పూయనవసరం లేదు. చిన్న గాటును చెట్టే మాన్పుకుంటుంది.

## 4. అడ్డకోతను సిద్ధం చేయడం

బెరడు వయసును బట్టి, నేలను బట్టి మారుతుంది. చెక్క లోపలి అమరిక అంతగా మారదు. అందుకే అసలు తీర్పు ఇక్కడే. చాలామంది విఫలమయ్యేది కూడా ఇక్కడే. లెన్సు మంచిది కాదనుకుంటారు గానీ, తప్పు కోతలో ఉంటుంది.

రంపంతో కోసిన ముఖం మీద పోగులు నలిగి, రంధ్రాలన్నీ పొట్టుతో పూడుకుపోయి ఉంటాయి. దాని మీద ఎంత మంచి లెన్సు పెట్టినా ఏమీ కనిపించదు. గరుకు కాగితంతో రుద్దితే ఇంకా పూడిపోతాయి.

1. దుంగ చివర, బెరడుకూ నడిమి దవ్వకూ (కాండం సరిగ్గా మధ్యలో ఉండే మెత్తని భాగం) మధ్యలో, ముడి లేని చోటు ఎంచుకోండి. చేవ భాగం అయితే మేలు.
2. అక్కడ ఒక సెంటీమీటరు చదరంగా నీటితో తడపండి. గట్టి చెక్క అయితే తడిగుడ్డ వేసి కొంతసేపు ఉంచండి.
3. కొత్త బ్లేడును దాదాపు పడుకోబెట్టి పట్టుకోండి. నొక్కకండి. పక్కకు జారుస్తూ ఒకే ఊపులో పలుచని పొర తీయండి.
4. ముఖం మెరుస్తూ ఉంటే కోత సరిపోయింది. గీతలు పడినా, గరుకుగా ఉన్నా బ్లేడు మార్చి మళ్లీ తీయండి.
5. మళ్లీ కొద్దిగా తడిపి తుడవండి. తడిసిన ముఖం మీద అమరిక స్పష్టంగా తేలుతుంది.

లెన్సును చెక్క మీద పెట్టి దూరం నుంచి చూడకూడదు. లెన్సును కంటికి ఆనించి, చెక్కను లెన్సు దగ్గరకు తీసుకురండి. వెలుగు పక్క నుంచి పడాలి. పలకకు బ్లేడు వాలు ఎంత ఉండాలో ఒకటి రెండు పనికిరాని టేకు ముక్కల మీద చేయి తిప్పితే తెలుస్తుంది.

## 5. లెన్సు కింద అడగవలసినవి

మొదటి ప్రశ్న: రంధ్రాలు ఉన్నాయా? అసలు లేకపోతే పైన్ జాతి. ప్యాకింగ్ పెట్టెల చెక్క చాలావరకు ఇదే. వలయాలే (చెట్టు పెరుగుదలను చూపే గుండ్రని గీతలు) లేకుండా, ముఖమంతా చుక్కలు చల్లినట్టు ఉంటే తాటి లేదా కొబ్బరి. తాటిలో నల్లని చుక్కలు అంచు వైపు బాగా దట్టంగా ఉంటాయి.

రెండో ప్రశ్న: రంధ్రాలు ఎలా పరుచుకున్నాయి? టేకులో ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరుసగా నిలబడతాయి, తర్వాత చిన్నవి. ఆ వరుస మామూలు కంటికే కనిపిస్తుంది. వేప, నల్లతుమ్మ, మద్దిలో అలాంటి వరుస ఉండదు, రంధ్రాలు ముఖమంతా దాదాపు సమానంగా పరుచుకుని ఉంటాయి. టేకు పేరుతో అమ్మే చాలా కలపలను ఈ ఒక్క ప్రశ్నే బయటపెడుతుంది. ఒక హెచ్చరిక: చాలా వేగంగా పెరిగిన తోట టేకులో వలయాలు వెడల్పుగా ఉంటాయి. చిన్న ముక్కలో ఒక వలయం మొదలు కనిపించకపోవచ్చు. కనీసం రెండు వలయాలు పట్టేంత చోటు చూడండి.

మూడో ప్రశ్న: రంధ్రాల చుట్టూ ఏముంది? లేత రంగు మృదు కణజాలం రంధ్రాన్ని చుట్టుకుని ఉంటే తుమ్మ జాతి, దిరిసెన, మద్ది వైపు ఆలోచించండి. కొన్నిచోట్ల ఈ లేత చుట్లు పక్కపక్కవాటితో కలిసి గీతలుగా సాగుతాయి. రంధ్రాలలో ఎర్రని జిగురు నిండి ఉంటే వేపను పరిశీలించండి. చండ్రలో తెల్లని పొడిలాంటి పదార్థం కనిపిస్తుంది. కాచు తయారయ్యే చెట్టు ఇదే.

నాలుగో ప్రశ్న: కిరణ రేఖలు ఎంత వెడల్పు? దవ్వ నుంచి బెరడు వైపు సాగే సన్నని గీతలివి. చాలా చెట్లలో లెన్సు కావాలి. అరకు, పాడేరు కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్‌లో ఇవి కంటికే వెడల్పుగా కనిపిస్తాయి. పలక కోస్తే మెరిసే మచ్చలుగా తేలుతాయి.

ఐదో ప్రశ్న: పలక ముఖం మీద అడ్డగీతలు ఉన్నాయా? బెరడుకు సమాంతరంగా కోసిన పలకను తడిపి, వెలుగుకు వాలుగా పట్టండి. పోగులకు అడ్డంగా అతి సన్నని అలల గీతలు కనిపిస్తే ఏగిస, ఎర్రచందనం, ఇరుగుడు (జిట్రేగి) వంటి చెట్లు. నా దృష్టిలో చవకైన, నమ్మదగిన గుర్తు ఇదే. డిపోల్లో దీన్ని చూసేవారు తక్కువ. దిరిసెన ముదురు చేవకు రంగు పూసి జిట్రేగి అని అమ్మితే, ఆ అలల గీతలు లేకపోవడం దాన్ని పట్టిస్తుంది.

ఇక రంగు. తాజాగా కోసిన టేకు కొంచెం ఆకుపచ్చ కలిసినట్టు ఉండి, వెలుగు తగిలాక బంగారు రంగుకు తిరుగుతుంది. పనస కోసిన రోజు పసుపుపచ్చగా మెరిసి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు దిగుతుంది. నల్లతుమ్మ చేవ గులాబీ నుంచి ముదురు ఎరుపు గోధుమకు మారుతుంది. ఒకే దుంగలో చేవ ఒక రంగు, బయటి తెల్లచెక్క ఇంకో రంగు. పైన రంగు నూనె కూడా ఉండొచ్చు. అందుకే దీన్ని చివరికి ఉంచాను. చూసేటప్పుడు కూడా చిత్రిక పట్టిన కొత్త ముఖం మీదే చూడండి.

## 6. వాసన, బరువు, నీటి సీసా

వాసన. కొత్తగా చెక్కిన ముఖాన్ని తడిపి వాసన చూడండి. టేకుకు తోలు వాసన, వేలికి నూనె తగిలినట్టు జిడ్డు ఉంటాయి. గంధం చేవ సంగతి చెప్పనక్కరలేదు. జిట్రేగికి తీయని వాసన వస్తుంది. పాత చెక్కలో వాసన పైపొరలో పోయి ఉంటుంది. అర అంగుళం లోపలికి చెక్కి చూడండి.

బరువు. "బరువుగా ఉంది" అనే మాట ఎవరికీ ఉపయోగపడదు. పచ్చి చెక్క ఎప్పుడూ బరువే. బాగా ఆరిన, ఒకే మందం ఉన్న సన్నని పుల్లను పొడవాటి గాజు సీసాలో నిలువుగా నీటిలోకి దించండి. పొడవు 10 సెంటీమీటర్లు ఉండి 6.5 సెంటీమీటర్లు మునిగితే, ఆ చెక్క సాంద్రత నీటిలో 0.65 వంతు. టేకు సాధారణంగా ఈ దరిదాపుల్లో ఉంటుంది. గుమ్మడి టేకు ఇంతకన్నా బాగా తేలిక. ఎర్రచందనం చేవ నీట మునుగుతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొనికి మరీ తేలికైనవాటిలో ఒకటి. పుల్లను తీసి వెంటనే తడి గుర్తు దగ్గర గీత పెట్టి కొలవండి, ఆలస్యమైతే తడి పైకి పాకుతుంది.

నీటి సీసా. ఏగిస చేవ పొట్టును శుభ్రమైన నీటిలో వేసి కొంతసేపు ఉంచి, సీసాను ఎండలో నల్లని వెనుకతెర ముందు పట్టండి. నీటిలో నీలి మెరుపు కనిపిస్తుంది. ఎర్రచందనం రంగు నీటిలో కరగదు, స్పిరిట్‌లో మాత్రం ముదురు ఎరుపు దిగుతుంది. కుళాయి నీటిలో ఇనుము ఎక్కువగా ఉంటే ఫలితం చెడిపోవచ్చు కాబట్టి తాగునీటి క్యాన్ నీరు వాడండి.

ఇనుప మరక. తుప్పు పట్టిన మేకును రాత్రంతా నానబెట్టిన నీటిని చెక్క మీద ఒక చుక్క వేయండి. నీలి నలుపు మరక పడితే అందులో టానిన్ (వగరు పదార్థం) ఎక్కువ. తుమ్మ, చండ్ర, మద్ది ఈ గుంపులోవి. ఇది చెట్టు పేరు చెప్పదు, గుంపును మాత్రం తగ్గిస్తుంది.

## 7. తికమక పెట్టే జంటలు

టేకు, గుమ్మడి టేకు. రెండూ ఒకే కుటుంబం చెట్లే. గుమ్మడి టేకు లేత పసుపు కలిసిన తెలుపు. చేవకూ తెల్లచెక్కకూ గీత గీసినంత తేడా ఉండదు. వలయం మొదట్లో పెద్ద రంధ్రాల వరుస టేకులో ఉన్నంత స్పష్టంగా ఉండదు, తోలు వాసన రాదు. మీద టేకు రంగు వేసి ఉంటే ఒక మూల గీకి చూడండి.

ఏగిస, ఎర్రచందనం. ఇద్దరూ దగ్గరి చుట్టాలే, అలల గీతలు ఇద్దరికీ ఉంటాయి. ఏగిస చేవ పసుపు గోధుమ, తడిస్తే పసుపుపచ్చని మరక వదులుతుంది. ఎర్రచందనం ముదురు ఎరుపు నుంచి దాదాపు నలుపు. బరువు పరీక్షతో, సీసాతో విడిపోతాయి. ఎర్రచందనం శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ ప్రాంతాల చెట్టు. అడవి నుంచి చిన్న ముక్క తీసుకున్నా శిక్ష పడుతుంది. అంతర్జాతీయ వాణిజ్యం కూడా సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వాణిజ్యంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధం కింద నియంత్రణలో ఉంది. "నమూనా" అని ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి.

తునికి, చింత. రెండింటికీ నడిమిలో క్రమం లేని, చిన్న ముదురు చేవ, చుట్టూ వెడల్పైన లేత చెక్క. తునికి చేవ నల్లగా ఉంటుంది. చింతది ఊదా కలిసిన గోధుమ. చింత బయటి చెక్క లేత పసుపు, తునికిది గులాబీ ఛాయ.

అంకుడు, తెల్లపొనికి. రెండూ తెల్లగా ఉండి బొమ్మలకే వెళ్తాయి. ఏటికొప్పాక లక్క బొమ్మల అంకుడు నున్నని, దట్టమైన చెక్క. పొనికి మెత్తన, వేలిగోరు దిగుతుంది. బరువు చూస్తే ఇంకేమీ అక్కరలేదు.

## 8. తరచుగా జరిగే పొరపాట్లు

- తెల్లచెక్క మీద పరీక్ష చేయడం. చాలా చెట్ల తెల్లచెక్క ఒకేలా ఉంటుంది. దిద్దుబాటు: చేవ వచ్చేవరకు చెక్కండి.
- కొమ్మ ముక్కతో మానును తేల్చడం. కొమ్మలో వలయాలు ఇరుకుగా, రంధ్రాలు చిన్నవిగా ఉంటాయి. దిద్దుబాటు: వీలైతే కాండం ముక్క తీసుకోండి.
- ముడి పక్కన కోయడం. పోగులు మెలికలు తిరిగి అమరిక తప్పుతుంది. దిద్దుబాటు: ముడికి నాలుగు వేళ్ల దూరం జరగండి.
- చెదలు తిన్న లేదా బూజు పట్టిన చెక్క చూడడం. నీలి మచ్చలు చెట్టు గుర్తులు కావు.
- పేరు ముందే అనుకుని దానికి తగ్గ గుర్తులు వెతకడం. దిద్దుబాటు: చూసినదంతా చీటీ మీద రాశాకే పేరు గురించి ఆలోచించండి. అమ్మేవారు ఏమని చెప్పారో చివర రాయండి.

టేకు కొనేవారికి చిన్న చెక్‌లిస్టు:

- ☐ వలయం మొదట్లో పెద్ద రంధ్రాల వరుస
- ☐ తోలు వాసన, జిడ్డు
- ☐ సుమారు 0.6 నుంచి 0.7 సాంద్రత, ఆరిన ముక్కలో
- ☐ చేవకు, తెల్లచెక్కకు స్పష్టమైన తేడా
- ☐ పలక మీద అలల అడ్డగీతలు లేకపోవడం

## 9. తేలకపోతే ప్రయోగశాలకు

లెన్సు చాలాసార్లు చెట్టు ప్రజాతి (దగ్గరి బంధువుల గుంపు) దగ్గరే ఆగుతుంది. నల్లమద్దిని, దాని దగ్గరి బంధువులను చెక్క ముక్కతో విడదీయాలంటే సూక్ష్మదర్శిని కావాలి. కోర్టు వ్యవహారమో, పెద్ద కొనుగోలో అయితే బెంగళూరులోని కలప శాస్త్ర, సాంకేతిక సంస్థను, డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థను సంప్రదించవచ్చు. సరిపోల్చడానికి అవి కలప నమూనాల భాండాగారాలను నిర్వహిస్తాయి.

పంపేముందు:

1. చేవ, తెల్లచెక్క రెండూ ఉన్న పిడికిలంత ముక్క. బెరడు ఉంటే విడిగా సంచిలో పెట్టండి.
2. నీడన ఆరబెట్టండి. పచ్చిగా ప్లాస్టిక్ సంచిలో కడితే బూజు పడుతుంది.
3. రంగు, పాలిష్, పురుగుమందు పూయకండి. పూసి ఉంటే ఆ విషయం చీటీ మీద రాయండి.
4. ప్రతి ముక్క మీద పెన్సిలుతో సంఖ్య వేయండి. ఇంకు నీటికి చెదురుతుంది. దొరికిన ఊరు, తేదీ, చెట్టుదా దుంగదా పాత దూలానిదా అన్నది చీటీలో రాయండి. స్థానికులు ఆ చెట్టును ఏమని పిలుస్తారో కూడా చేర్చండి.
5. అదే ముక్క నుంచి సగం మీ దగ్గర, అదే సంఖ్యతో ఉంచుకోండి. ఫలితం వచ్చాక మీ లెన్సుతో దాన్ని మళ్లీ చూసి, మీరు రాసుకున్న గుర్తుల పక్కన పేరు చేర్చండి.